చర్చికి వెళ్తారు కాబట్టి నమ్మొచ్చా?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సభల్లో నాకు తరచూ రెండు మాటలు వినపడతాయి. "వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళండీ, నమ్మొచ్చు" అనేది ఒకటి. "చర్చికి వెళ్తూ ఆ పాడు పనులేంటండీ?" అనేది రెండోది. మొదటిది పొగడ్త, రెండోది తిట్టు. రెండూ పుట్టింది మాత్రం ఒకే నమ్మకంలోంచి: క్రైస్తవుడంటే మంచివాడై ఉండాలని. నేను గుంటూరులో లూథరన్ (ప్రొటెస్టంటు క్రైస్తవుల్లో ఒక శాఖ) కుటుంబంలో పుట్టినవాణ్ణి, ఇక్కడా ఆదివారం ఆరాధన మాననివాణ్ణి. నాకు ఆ నమ్మకం లేదు. మా ఆరాధన మొదలయ్యేదే పాపాల ఒప్పుకోలుతో. రక్షణ కృప వల్లే గానీ క్రియల వల్ల కాదని మా బోధ. వారం వారం "నేను పాపిని" అని పైకి చదివేవాడికి మీరు మంచివాడని పూచీ ఇవ్వడం నాకు వింతగానే ఉంటుంది.

దీని గురించి మాట్లాడాలంటే నాకు స్టువర్టుపురం గుర్తొస్తుంది. బాపట్ల, చీరాల మధ్య రైల్లో తిరిగినవాళ్ళకు తెలిసిన ఊరే. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలని చట్టం చేసి మరీ ముద్ర వేసిన బ్రిటిష్ ప్రభుత్వం, వాళ్ళను ఒకచోట చేర్చి ఆ సెటిల్‌మెంటు బాధ్యతను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకు అప్పగించింది. ఆ సంస్థవాళ్ళు బడి పెట్టారు, పని చూపించారు. హాజరు కూడా వాళ్ళే తీసుకున్నారు. పాసు లేనిదే ఎవరూ ఊరు దాటకూడదు. అలాగని వాళ్ళను చెడ్డవాళ్ళనలేను. దేశం కాని దేశం వచ్చి కష్టపడ్డారు. కానీ ఒక జాతి మొత్తాన్ని దొంగలనే చట్టానికి తాము కాపలా కాయడం తప్పని వాళ్ళ ప్రార్థనలు వాళ్ళకు చెప్పలేదు.

1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది, ముద్ర మాత్రం పోలేదు. 1970ల్లో ఆ ఊళ్ళో అడుగుపెట్టి, దొంగతనాలు మానేస్తామన్నవాళ్ళకు అండగా నిలబడింది హేమలతా లవణం, ఆమె భర్త లవణం. ఆవిడ ఎవరో కాదు, 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న గుర్రం జాషువా కూతురు. లవణం విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు గోరా కొడుకు. తర్వాత నిజామాబాదు జిల్లాలో ఆడపిల్లలను దేవతకు అంకితం చేసే జోగినీ దురాచారం మీద కూడా ఆవిడ ఏళ్ళ తరబడి పోరాడింది.

ఈ సంగతి చెబితే మావాళ్ళు "అంతా జాషువాగారి పెంపకమండీ" అంటారు. నాస్తిక మిత్రులేమో "దేవుణ్ణి వదిలాక కదా మనుషులు కనపడ్డారు" అంటారు. ఆవిడ పడ్డ కష్టాన్ని ఇద్దరూ తమ ఖాతాలో జమ వేసుకోవాలని చూసేవాళ్ళే. నాస్తికుల ఇంట్లోనే పుట్టి పెరిగిన లవణానికి ఆ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మావాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

మరి మతం వల్ల ఏ మంచీ జరగదా అంటే, జరుగుతుంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి దొరికేలా చేశాడు. ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని. సహాయ పనులు ముగిశాక, 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా చర్చిల్లో ఈ అంకెనే గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే బాప్తిస్మాలు ఆపేసిన ఆ నెలలే గొప్పవనిపిస్తాయి.

అలాంటి నేల మీదే బాప్టిస్టులంటే మాదిగలు, లూథరన్లంటే మాలలు అన్న లెక్క ఇప్పటికీ చెరగలేదు. ఇక పెళ్ళి ప్రకటనల్లో "క్రిస్టియన్ రెడ్డి", "క్రిస్టియన్ కమ్మ" అని రాసుకోవడం ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. అమెరికా వచ్చి పాతికేళ్ళయినవాళ్ళకు కూడా! ఇక్కడి చర్చిలు మాత్రం తక్కువ తిన్నాయా? బానిసల యజమానులను మిషనరీలుగా పంపొచ్చా లేదా అన్న తగువులోంచే 1845లో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ అనే చర్చిల కూటమి పుట్టింది. దానికి క్షమాపణ చెప్పడానికి 1995 దాకా పట్టింది. బానిసత్వాన్ని ఎదిరించినవాళ్ళలో ఎందరో చదివింది కూడా ఆ బైబిలే.

ఆ బైబిల్లోనే ఉంది: దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకుని పోయింది యాజకుడు (పూజారి), లేవీయుడు (గుడి సేవకుడు). ఆగి గాయాలు కట్టింది సమరయుడు, అంటే ఆనాటి యూదుల లెక్కలో మతం చెడ్డవాడు. ఈ కథ మీద బోలెడు ప్రసంగాలు విన్నాను. అన్నిట్లోనూ మనమే సమరయులం. ఆ యాజకుడు మనమే కావచ్చునన్న ప్రసంగం మాత్రం ఇంతవరకూ నా చెవిన పడలేదు.

అందుకే రూమ్‌మేటును వెతుక్కునేటప్పుడో, వ్యాపారంలో వాటా కలిపేటప్పుడో "చర్చికి వెళ్తాడు" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి, అటూ వద్దు, ఇటూ వద్దు. అప్పు అడిగితే ఎప్పుడు తీరుస్తాడు, పనిమనిషితో ఎలా మాట్లాడతాడు, ఇవి అడగండి. దీనికి మా పాస్టరుగారు ఒప్పుకోరని నాకు తెలుసు. క్రీస్తు మనిషిని లోపల్నుంచి మారుస్తాడని ఆయన వాదన. ఆయన జవాబు రాస్తానంటే వచ్చే సంచికలో నాకిచ్చినంత చోటూ ఇవ్వమని సంపాదకులకు ముందే చెప్పాను.