గడప దాటని పిల్లికి మందులెందుకు?

ఇంట్లోనే ఉండే పిల్లిపిల్లకు మందులెందుకన్న వాదన చాలా బలమైనది. పురుగులు తప్ప దానికి ఇంతవరకు ఎవరూ ఎదురు చెప్పలేదు. తలుపుంది, తలుపుకు గొళ్లెముంది, గడప దాటని కూనకు నట్టలెక్కడివి? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందని నవ్వుతాం గానీ, ఇక్కడ కళ్లు మూసుకున్నది యజమాని.

పాలంటే గుర్తొచ్చింది. ఏలికపాములకు మీ గొళ్లెంతో పనే లేదు. తల్లి ఒంట్లో దాగిన లార్వాలు, అంటే పురుగు పిల్లలు, పాలలోకి దిగి, మీ ఇంటి చిరునామా తెలియకముందే కూన పొట్టలో కాపురం పెడతాయి. అందుకే నట్టల మందు రెండు మూడు వారాల వయసులోనే మొదలుపెట్టి, ఎనిమిది వారాలు నిండేదాకా రెండు వారాలకోసారి, ఆపైన ఆరో నెల దాకా నెలకోసారి ఇస్తారు. ఒక్క డోసుతో చేతులు దులుపుకునేవారికి ఓ మనవి: మందు పేగుల్లో ఉన్నవాటిని చంపుతుంది. ఒంట్లో ఇంకా తిరుగుతున్నవి ఆ తర్వాత తీరిగ్గా దిగుతాయి. డోసు బరువును బట్టి కాబట్టి కూనను తూకం వేయాల్సిందే. అది వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలి. వెన్నెముక తేలి, పొట్ట మాత్రం డప్పులా ఉంటే దాన్ని బొద్దు అనరు.

తోక కింద బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయా? అవి బద్దెపురుగు ముక్కలు. ఏలికపాములను చంపే పైరాంటెల్ వీటినేమీ చేయలేదు, ప్రాజిక్వాంటెల్ కావాలి. ఆ మందు వేసి విజయోత్సవం జరుపుకోవచ్చు, ఇంట్లో ఫ్లీ, అంటే బొచ్చులో దాగి రక్తం తాగే చిన్న పురుగు, లేకపోతే. ఒళ్లు నాక్కుంటూ కూన ఒక్క ఫ్లీని మింగితే చాలు, బద్దెపురుగు మళ్లీ హాజరు.

ఆ ఫ్లీ ఎలా వచ్చిందంటారా? మీ ప్యాంటు పట్టుకుని, మీరే తలుపు తీస్తే. ఫ్లీ దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసులను తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగా మారితే అది మట్టి కాదు, ఫ్లీ తాగి అరిగించుకున్న రక్తం. కూన ఒంట్లో ఉండే రక్తమే కొంచెం. చిగుళ్లు పాలిపోయాయంటే ఆ రోజే వైద్యుడి దగ్గర ఉండాలి. ఫ్లీకి చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం. పైగా ఒంటి మీద కనబడేవి కొసరు మాత్రమే. అసలు జనాభా గుడ్లుగా, లార్వాలుగా, గూట్లో ముడుచుకున్న ప్యూపాలుగా తివాచీలో, సోఫా సందుల్లో ఉంటుంది. ప్యూపాకు ఓపిక ఎక్కువ, నెలల తరబడి కూర్చుంటుంది. అందుకే పడకగుడ్డలను వేడినీళ్లలో ఉతికి, నేలను వాక్యూమ్ చేస్తూ, మందును నెలల పాటు ఆపకుండా వాడాలి. చర్మం మీద చుక్కలుగా వేసే స్పాట్-ఆన్ మందుల్లో చాలావరకు 8 వారాలు దాటాకే పనికొస్తాయి. అంతకంటే చిన్నదైతే దువ్వెనే దిక్కు.

ఇక్కడే పిల్లికి బిచ్చం పెట్టని పొదుపరి రంగప్రవేశం చేస్తాడు. కుక్క కోసం కొన్న స్పాట్-ఆన్‌లో పావువంతు పిల్లికి చాలదా అంటాడు. కుక్కల మందుల్లో చాలావాటిలో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు. వణుకు, మూర్ఛలు, ఆ తర్వాత ప్రాణమే పోవచ్చు. పావువంతైనా అంతే. పొరపాటున వేసేస్తే గిన్నెలు తోమే సబ్బుతో గోరువెచ్చని నీళ్లలో కడిగి, తుడిచి, పరుగున వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడమే. మనుషుల పారాసిటమాల్‌తో జ్వరం తగ్గించే మేధావులకూ ఇదే హెచ్చరిక.

టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, 3-4 వారాలకోసారి, 16 వారాలు దాటేదాకా ఉంటాయి. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు టీకాను రద్దు చేస్తుంటాయి. అవి ఎప్పుడు తగ్గుతాయో కూనకూ తెలియదు, మనకూ తెలియదు, కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తారు. పిల్లికూనల ప్రాణాలు తీసే పాన్‌ల్యూకోపీనియా జబ్బు వైరస్ నెలల తరబడి బతికి, చెప్పుల అడుగున ఇంట్లోకి నడిచొస్తుంది. తలుపు మాత్రం వేసే ఉంచండి. చెప్పులు విప్పడానికి ఎవరైనా ఆగితే, కనీసం అక్కడే ఆగుతారు.