పేరు చెక్కాక ఆ రాయి ఇంకెవరికీ పనికిరాదు

టెక్కలి చుట్టుపక్కల క్వారీల్లో తీసే నీలి గ్రానైట్ విదేశాల్లోని సమాధుల మీదికీ వెళ్తోంది. ఆ ఎగుమతుల్లో డబ్బుకి భరోసాగా లెటర్ ఆఫ్ క్రెడిట్ (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) లాంటి పద్ధతులున్నాయి. అదే శ్రీకాకుళం జిల్లాలో రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని సమాధి రాళ్లు చెక్కే మనిషికి ఉన్న భరోసా మాత్రం నోటిమాటే.

మిగతా వ్యాపారాల్లో బేరం చెడితే సరుకు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. 'ప్రభువునందు నిద్రించిన తేదీ' అని చెక్కి, కింద ఒక తల్లి పేరు పెట్టాక ఆ పలకని ఎవరు కొంటారు? అక్షరాలు అరగదీసి మళ్లీ పాలిష్ పెట్టాలంటే కూలి రెండోసారి పడుతుంది, పలకా పలచబడుతుంది. అందుకే ఇలాంటి షెడ్లలో గోడకి ఆనించిన పలకలు కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

బాకీ పుట్టేది ఎక్కువగా క్రైస్తవ ఇళ్లలో మనిషి పోయిన ఏడాదికి జరిపే జ్ఞాపకార్థ కూడిక దగ్గర. ఆ తేదీకి రాయి నిలబడాలని అందరికీ టెన్షన్. చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో వచ్చిన కొడుకు కొంత అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది తమ్ముళ్లు కలిపి ఇస్తారంటాడు. ఏడుస్తున్న ఇంట్లో లెక్క అడగడానికి షాపాయనకి నోరు రాదు. కూడిక అయిన మర్నాడు అందరూ రైలెక్కేస్తారు. ఊళ్లో మిగిలేది ఆ ముసలి తల్లో, భర్త పోయిన భార్యో. ఫోన్లన్నీ ఆమెకే వెళ్తాయి. నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే. ఆర్డర్ ఇచ్చింది ఆమె కాదు, ఆ బాకీ ఆమెది కాదు.

సమాధుల తోటకి వెళ్లి రాయి పీకేస్తామని బెదిరించడం ఇంకా తప్పు. మనసులు నొప్పించాలని, లేదా నొచ్చుకుంటారని తెలిసీ శ్మశానంలోకి చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడొచ్చు. షాపుకి బలమున్నది రాయి షెడ్డు దాటే ముందే. అప్పు మీద ఇస్తానని ఒప్పుకోనప్పుడు, సరుకు తన దగ్గరున్నంతవరకు డబ్బు అందేదాకా అట్టిపెట్టుకునే హక్కు 1930 నాటి వస్తు విక్రయ చట్టం అమ్మకందారుకి ఇచ్చింది. రాయి బిగించేశాక మిగిలేది దావా ఒక్కటే, దానికి గడువు 3 ఏళ్లు. ఆ లోపు బాకీదారు కొంత కట్టి సంతకంతో రాసిస్తే గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. కోర్టుకెక్కకముందే లోక్ అదాలత్‌లో కూర్చుని వాయిదాలు కుదుర్చుకుంటే కోర్టు ఫీజు ఉండదు. ఇంత చిన్న మొత్తాలకి నాకు అదే సరైన దారి అనిపిస్తుంది.

అసలు అంతదూరం పోకుండా చూసుకోవచ్చు. అక్షరాల నమూనా వాట్సాప్‌లో పంపి 'ఓకే' తీసుకునేటప్పుడే ఎవరు ఎంత ఇస్తారో, ఎప్పుడిస్తారో పేర్లతో రాసుకోవాలి. రాయి, చెక్కుడు ఖర్చు అడ్వాన్స్‌లోనే రావాలి, మిగతాది బండికెక్కించే ముందు. దుఃఖంలో ఉన్నవాళ్లని డబ్బు అడగడం కఠినమే. కానీ అప్పుడు మొహమాటపడి, తర్వాత ఊరందరి ముందు అడగడం అంతకన్నా కఠినం.

చేతిలో డబ్బు లేని కుటుంబానికి పెద్ద పలక అంటగట్టకూడదు. మొదటి సంవత్సరం కూడికకి దిమ్మె వరకే కట్టించి, పలకని నవంబరు 2న సమాధుల పండుగకో, ఆ పై ఏడాదికో బిగించుకోవచ్చు. ఈ మాట ఆర్డర్ రాసుకునే రోజునే షాపాయన చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంట్లోవాళ్లకి అది అడగాలని కూడా తోచదు.