నెలలు నిండని బిడ్డకు బాక్సు ఒక్కటే చాలదు

"ఏడో నెల బిడ్డయినా దక్కుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అన్న మాట పురిటి గది బయట ఇప్పటికీ వినిపిస్తుంది. దీనికి వైద్యంలో ఆధారమేమీ లేదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. కాకపోతే ఈ మాట వెనక అసలైన చిక్కు ఒకటుంది. మనం గర్భాన్ని నెలల్లో చెప్పుకుంటాం, ఆసుపత్రి వారాల్లో లెక్కిస్తుంది. ఎనిమిదో నెల పడితే సుమారు 31 వారాలు, ఎనిమిది నిండితే 35. 31 వారాల బిడ్డకు ముక్కులో గాలి గొట్టం, నోట్లోంచి కడుపులోకి పాల గొట్టం అవసరం కావచ్చు. 35 వారాల బిడ్డ చాలాసార్లు అమ్మ పక్కనే ఉండగలదు. ఇద్దరిదీ మన భాషలో "ఎనిమిదో నెల కాన్పే". మొదటి మూడు నెలల్లో తీయించిన స్కానింగు కాగితాన్ని ఆ రాత్రి డాక్టరు అదే పనిగా అడిగేది ఇందుకే. ఏ మందు, ఎంత మోతాదు, ఏ ఆసుపత్రి అన్నవన్నీ ఆ తేదీనిబట్టే తేలతాయి.

37 వారాలు నిండకుండా జరిగేది నెలలు నిండని కాన్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ అంచనాల ప్రకారం 2020లో అలా పుట్టిన పిల్లలు మన దేశంలో సుమారు 30 లక్షలు. ప్రపంచం మొత్తంలో ఇది ఐదో వంతుకు పైమాటే. ఇంత పెద్ద సమస్య మీద మన చర్చ మాత్రం యంత్రాల దగ్గరే ఆగిపోతుంది: కొత్త వార్మర్లు, కొత్త వెంటిలేటర్లు, రిబ్బను కత్తిరించే ఫొటోలు. యంత్రాలు కావలసిందే. కానీ ఈ పిల్లలు చేజారుతున్నది ఎక్కువగా రెండు చోట్ల. తల్లిని వార్డు బయట కూర్చోబెట్టడం ఒకటి, ఇంటికి పంపాక బిడ్డను లెక్కలోంచి వదిలేయడం రెండోది.

అసలు వైద్యం బిడ్డ పుట్టకముందే మొదలవ్వాలి. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే తల్లికి డెక్సామెథాసోన్ ఇంజెక్షను ఇస్తారు. 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి, మొత్తం నాలుగు మోతాదులు. బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా పక్వానికి రావడానికి దీన్ని మించిన చవకైన మందు లేదు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదును ఏఎన్‌ఎం అయినా ఇవ్వవచ్చని కేంద్ర మార్గదర్శకాలు 2014 నుంచీ చెబుతున్నాయి. 108 వచ్చేసిందన్న హడావిడిలో జారిపోయేది ఈ ఇంజెక్షనే. పంపక తప్పదనుకుంటే బిడ్డ కడుపులో ఉండగానే తల్లిని పంపాలి. కాన్పయ్యాక తువ్వాల్లో చుట్టి రెండు గంటలు ప్రయాణం చేయించిన కిలోన్నర బిడ్డ, ఆసుపత్రి చేరేసరికి చల్లబడి, చక్కెర పడిపోయి ఉంటుంది.

ఇక్కడ ముహూర్తాల మాట చెప్పుకోక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తిథి, నక్షత్రం కుదిరాయని 36వ వారంలో కోయించుకుంటే బిడ్డ చూడటానికి బాగానే ఉంటుంది, రెండున్నర కిలోలు తూగుతుంది. అదే మోసం. ఆ బిడ్డ నాలుగు గుటకలు వేసి నిద్రపోతుంది, "మంచి బిడ్డ, ఏడవదు" అని అందరూ మురుస్తారు, ఐదో రోజుకు పచ్చకామెర్లతో, ఒంట్లో నీరు తగ్గి మళ్లీ ఆసుపత్రికి వస్తుంది. తల్లికో బిడ్డకో ప్రమాదముంటే ముందే తీయాలి, అందులో రెండో మాట లేదు. జాతకం అలాంటి కారణం కాదు.

ఇక "బాక్సు". ఇంక్యుబేటరైనా వార్మరైనా మనవాళ్లకు బాక్సే. అది చేసేది ఒకే పని, బిడ్డ ఒంటి వేడిని 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలపడం. చర్మం కింద కొవ్వు లేని బిడ్డ చల్లబడితే ఆ వేడి తెచ్చుకోవడానికి ఆక్సిజన్‌నూ చక్కెరనూ ఖర్చు చేస్తుంది, ఆపై ఊపిరి అందదు. అందుకే కాన్పు గదిలో ఏసీ ఆపాలి, 32 వారాల లోపు బిడ్డను తుడవకుండానే మెడదాకా శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచి, తలకు టోపీ పెట్టాలి.

ఊపిరితిత్తుల్లోని గాలి గదులు మూతపడకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఈ పిల్లల్లో తక్కువ. ఆ లోటును సీప్యాప్ కొంత తీరుస్తుంది. ముక్కు గొట్టాల ద్వారా ఎడతెగకుండా గాలి ఒత్తిడి ఇస్తూ, బయటికొచ్చే గొట్టం చివరను 5–6 సెంటీమీటర్ల లోతు నీళ్లలో ముంచుతారు. బుడగలు వస్తున్నంతసేపూ ఒత్తిడి ఉన్నట్టే. ఆగాయంటే ఎక్కడో గాలి పోతోంది, లేదా బిడ్డ నోరు తెరుచుకుంది. గొట్టం సైజు తప్పితే రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడ ఒరుసుకుని పుండవుతుంది. ఇవన్నీ చూడాల్సింది నర్సు. ఒక్క నర్సుకు పది మంది పిల్లలను అప్పగించి ఎంత ఖరీదైన మిషను పెట్టినా ఏం లాభం?

ఆక్సిజన్ సంగతి ఇంకా సున్నితం. తక్కువైతే ప్రాణానికి, ఎక్కువైతే కంటికి ముప్పు. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు మీటరులో 90 నుంచి 95 మధ్య ఉండాలి. నూరు కనిపించగానే బంధువులు ఊపిరి పీల్చుకుంటారు గానీ, ఈ పిల్లల్లో నూరు అంటే ఆక్సిజన్ తగ్గించమని అర్థం. నెలలు నిండని పిల్లల్లో, ముఖ్యంగా ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు, కంటి తెర రక్తనాళాలు దారితప్పి పెరిగే జబ్బే ఆర్‌ఓపీ. బయటికి కన్ను మామూలుగానే ఉంటుంది, లోపల చూపు పోతుంది. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా 30 రోజుల్లోగా కంటి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు గానీ 1,200 గ్రాముల లోపు గానీ ఉంటే రెండు మూడు వారాలకే చేయాలి. చికిత్స అవసరమైతే రెండు మూడు రోజుల్లో లేజరు చేయాలి, వచ్చే వారం చూద్దాం అనడానికి లేదు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1990ల చివరి నుంచే జంట నగరాల్లోని పసిపిల్లల వార్డులకు వెళ్లి ఈ పరీక్షలు చేస్తోంది. అంటే చేసే విధానం తెలియక కాదు, ఆ తేదీ నాటికి బిడ్డ ఇంటికెళ్లిపోయి ఉండటమే సమస్య.

పాల విషయంలో మన పెద్దవాళ్ల చేతిలో మంచి పనిముట్టే ఉంది: ఉగ్గుగిన్నె. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కలిసి కుదిరేది దాదాపు 34 వారాలకు. అంతకుముందు, 32 నుంచి 34 వారాల మధ్య, ఉగ్గుగిన్నె. ఇంకా చిన్నవాళ్లకు గొట్టం. బిడ్డను పడుకోబెట్టి పోయకూడదు. తల ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టి, గిన్నె ముక్కును పెదవి మూలన ఆనించి, కొంచెం పోసి, గుటక పడ్డాకే మళ్లీ పోయాలి. కిలోన్నర బిడ్డకు పూర్తి పాలు అంటే కిలోకు 160 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 240, రెండు గంటలకోసారి 20. మొదటి రోజుల్లో మాత్రం కిలోకు 10–20తో మొదలుపెట్టి, కడుపు తట్టుకుంటే రోజుకు 20–30 పెంచుతారు. "ఇంత తక్కువ పోస్తే బిడ్డ ఆకలితో చావదా" అని పోట్లాడే తాతలుంటారు. తొందరపడితే పేగు దెబ్బతింటుంది. పొట్ట ఉబ్బడం, పచ్చగా కక్కడం, విరేచనంలో రక్తం దాని గుర్తులు. డబ్బా పాలు పట్టే పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ.

కాబట్టి తల్లి పాలే మందు, కానీ అవి వాటంతటవి రావు. కాన్పైన గంటలో, ఆలస్యమైనా ఆరు గంటల్లోపు, చేత్తో పిండటం మొదలుపెట్టాలి. రాత్రితో కలిపి రోజుకు 8 నుంచి 12 సార్లు. మొదటి రోజు వచ్చేది రెండు చెంచాల ముర్రుపాలే కావచ్చు, అదీ వృథా చేయకూడదు. మూడు రోజులు పిండకుండా వదిలేసి, నాలుగో రోజు "పాలు పడలేదు" అని డబ్బా రాయించుకోవడం మన ఆసుపత్రుల్లో మామూలైపోయింది. తల్లి పాలు నిజంగా అందనప్పుడు నిలోఫర్‌లోని ధాత్రి లాంటి తల్లిపాల నిధి ఆదుకుంటుంది. దానం చేసిన పాలను అక్కడ 62.5 డిగ్రీల వద్ద అరగంట వేడిచేసి, పరీక్షించి ఇస్తారు. పక్క మంచం తల్లి పాలు నేరుగా పట్టడం దీనికి సాటి కాదు.

ఇంతా చేసి, ఆ తల్లి ఎక్కడుంటుంది? సిజేరియన్ కుట్లతో మూడో అంతస్తులో, లేదా వరండాలో చాప మీద. బిడ్డ కిందో, వేరే ఊళ్లోనో. 2021లో వెలువడిన అయిదు దేశాల పరిశోధన ఈ ఏర్పాటు తప్పని తేల్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో భాగం. 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లలను స్థిమితపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే అమ్మ గుండెలకు కట్టిన చోట 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం. వేరుగా వార్మరులో ఉంచి తర్వాత కట్టిన చోట 15.7 శాతం. మరుసటి ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చింది: రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత తొందరగా.

చేసే పద్ధతి కష్టమేమీ కాదు. బిడ్డకు డైపరు, టోపీ, మేజోళ్లు తప్ప ఏమీ ఉండకూడదు. రొమ్ముల మధ్య నిటారుగా, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి ఆనకుండా, కాళ్లు కప్పలా మడిచి ఉంచాలి. మెత్తని పాత నూలు చీరతో చెవి కిందిదాకా బిగించి కట్టాలి. తల్లి కొంచెం వాలి కూర్చోవాలి. ఒక్కోసారి గంటకు తక్కువ వద్దు, తీయడం పెట్టడమే బిడ్డకు అలసట. తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. కానీ దీనికి కావలసింది వార్డు లోపల తల్లికో మంచం, వేళకు భోజనం, ఆమె కుట్లు చూసే నర్సు. ఇరవై పడకల ఎస్‌ఎన్‌సీయూ (పసిపిల్లల ప్రత్యేక చికిత్స వార్డు) కట్టి తల్లులకు ఆరు కుర్చీలు వేస్తే అది సగం కట్టిన వార్డే. "లోపలికి రానిస్తే ఇన్ఫెక్షను తెస్తారు" అన్న వాదన నిలబడదు. గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా రెండు నిమిషాలు చేతులు కడుక్కున్న తల్లికన్నా, ఒక బిడ్డ దగ్గరి నుంచి ఇంకో బిడ్డకు కడుక్కోకుండా వెళ్లే చేతులే ప్రమాదం.

ఇంటికి పంపడానికి బరువొక్కటే కొలమానం కాదు. 1.6 నుంచి 1.8 కిలోల దగ్గర పంపుతారు గానీ, వరసగా మూడు రోజులు బరువు పెరగాలి, బాక్సు లేకుండా ఒళ్లు వెచ్చగా ఉండాలి, నోటితో పూర్తి పాలు తాగాలి, కనీసం ఐదు రోజులుగా ఊపిరి ఆగి ఉండకూడదు. ఊపిరి ఆగకుండా ఇచ్చే కెఫీన్ మానేసిన మర్నాడే ఇంటికి పంపమని పట్టుబట్టడం కోరి ముప్పు తెచ్చుకోవడమే. మొదటి వారంలో బరువు పదో వంతు దాకా తగ్గడం మామూలే, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు వస్తుంది. వినికిడికి ఈ పిల్లల్లో లోపలి చెవిని చూసే ఓఏఈ పరీక్ష ఒక్కటే సరిపోదు, చెవి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని చూసే ఏబీఆర్ కూడా చేయించాలి.

ఇంట్లో మొదటి పోరు సాంబ్రాణితో. ఆక్సిజన్ మీద వారాల తరబడి ఉన్న ఊపిరితిత్తులకు సాంబ్రాణి పొగ, దోమల కాయిలు, అగరువత్తి అన్నీ ఒకటే. రెండు కిలోలు దాటేదాకా స్నానం వద్దు, గోరువెచ్చని తడి గుడ్డతో తుడిస్తే చాలు. మెత్తగా కొబ్బరినూనె రాయడం మంచిదే, ముక్కులో నూనె పోయడం మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోసినట్టే, చెవిలోనూ పోయవద్దు. వస, తేనె, ఆముదం, గ్రైప్‌వాటర్ ఏదీ వద్దు. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు, ఐరన్ చుక్కలు మానకూడదు. ఉయ్యాల వేడుకను రెండు నెలలు వాయిదా వేస్తే ఎవరి పరువూ పోదు. పాలకు బిడ్డ ఏడుపు కోసం చూడకుండా, రెండు మూడు గంటలకోసారి లేపి పట్టాలి. థర్మామీటరు లేకపోతే చేతి వెనక భాగంతో పొట్ట, పాదం ముట్టుకోవాలి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే వెంటనే గుండెలకు కట్టుకోవాలి. రెండూ చల్లగా ఉంటే గుండెలకు కట్టుకునే ఆసుపత్రికి బయల్దేరాలి. నిమిషానికి 60 దాటే ఊపిరి, ఛాతీ లోపలికి గుంజుకుపోవడం, పాలు తాగకపోవడం, అరికాళ్లదాకా పసుపు, ఫిట్సు, వీటిలో ఏదున్నా అంతే.

వయసు లెక్కలోనూ పొరపాట్లు రెండు వైపులా జరుగుతాయి. టీకాలకు పుట్టిన తేదీనే చూడాలి, బరువు తక్కువని ఆరో వారం టీకాలు వాయిదా వేయకూడదు. మెడ నిలపడం, బోర్లాపడటం లాంటి వాటికి మాత్రం కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కించాలి, రెండేళ్ల దాకా. 32 వారాలకు పుట్టిన బిడ్డకు ఆరో నెల వచ్చినా వికాసంలో అది నాలుగో నెలే. అన్నప్రాశన ముహూర్తం పెట్టే ముందు డాక్టరును అడగడం మంచిది.

ఇప్పుడు లెక్క తప్పే చోటు. కాన్పు పుట్టింట్లో. బిడ్డ ఉన్నది ఆ జిల్లా ఎస్‌ఎన్‌సీయూలో. గర్భిణిగా నమోదైంది అత్తింటి ఊళ్లో. ఆశా కార్యకర్త మొదటి 42 రోజుల్లో చేయాల్సిన ఆరు సందర్శనలు ఏ ఊరి ఆశవి? ఇద్దరూ రెండో వాళ్లు చూస్తున్నారనుకుంటారు. మూడో నెలలో తల్లి అత్తింటికి మారితే పుట్టింటి దగ్గరి ఆసుపత్రి ఫైలు అక్కడితో ఆగుతుంది. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. డిశ్చార్జి కాగితం మీద పుట్టినప్పటి వారాలు, కంటి పరీక్ష తేదీ, వినికిడి పరీక్ష తేదీ పెద్దక్షరాలతో తెలుగులో రాయాలి. రెండు ఊళ్ల ఆశల ఫోను నంబర్లూ అదే కాగితం మీద ఉండాలి. తల్లి వార్డు దాటేలోపు ఆ ఇద్దరికీ ఫోను చేయడం ఏ నర్సు పనో డ్యూటీ చార్టులో రాసిపెట్టాలి.