తలకి రెండు వేల పంది

పోయిన వారం ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఆదివారం తోటకొచ్చెయ్. అడవిపంది దొరికింది. కట్టెల పొయ్యి మీదే వండిస్తున్నాం. తలకి రెండు వేలు." రానన్నాను. "కేసులకి భయమా మాస్టారూ?" అని నవ్వాడు. భయమే అనుకోండి. 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది, అడవిపందీ అందులోనే ఉంది. కానీ నాకు ఒళ్లు మండింది ఆ "తలకి రెండు వేలు" దగ్గర.

పాడేరు ఏజెన్సీలో ఏడేళ్లు పంతులుగా చేశాను. చైత్రంలో ఇటుకల పండగ, అంటే గిరిజనుల వేట పండగొస్తే బడి ఉన్నా లేనట్టే. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని కొండెక్కేవారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే బండ్లనాపి పండగ డబ్బులు వసూలు చేసేవారు. వేట దొరక్క ఉత్త చేతులతో దిగొచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు చల్లేది పేడనీళ్లే. ఒక ఏడాది మా ఊరివాళ్లకి కుందేలు కూడా కనపడలేదు. పేడనీళ్లు పడ్డాయి, ఊరంతా నవ్వుకుంది, చీకటి పడే వేళకి ఒకాయన ఇంట్లో నాటుకోడిని పట్టుకొచ్చాడు. ఒక్కటే కోడి! ముక్కలకి ఉప్పూ కారం, పసుపు, అల్లం పట్టించి పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద పెట్టారు. నూనె చుక్క లేదు. ఎండు బొంగైతే ముక్క ఉడక్కముందే అది కాలిపోతుంది. పచ్చిదైతే ఆ చెమ్మకే ఉడుకుతుంది, తిప్పుతూ ఉండాలంతే. (ఇప్పుడు అరకు రోడ్డు పొడుగునా బ్రాయిలర్‌తో అమ్ముతున్నది ఇదే. దాని మీద నాకు కోపం లేదు, నలుగురికి కూలి దొరుకుతోంది.)

తర్వాత ఊరి పెద్దాయన అడ్డాకులు వరసగా పరిచాడు, ఇంటికొకటి. దుప్పి పడినా ఇదే లెక్క అన్నాడు. వేటకి వెళ్లని ఇంటికీ ఆకుంది, మగదిక్కు లేని ముసలమ్మకీ ఉంది. "బడీ ఒక ఇల్లే కదా" అని నాకూ ఒకటి వేశాడు. నా వాటాకి మెడ ముక్క వచ్చింది.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. తేనె, వెదురు, చేపలు, పశువుల మేత, అన్నిటికీ హక్కుందంది. వేటని మాత్రం పేరు పెట్టి మరీ తీసేసింది. దానికి నాకు పేచీ లేదు. జంతువులు తగ్గాయని కొండెక్కేవాళ్లకే ముందు తెలిసింది. నా పేచీ అల్లా, తరాలుగా పంచుకు తిన్నవాడు మానుకోవాలట, కార్లేసుకొచ్చినవాడు కొనుక్కు తినొచ్చట! ఆ పంది ఎలా చచ్చిందిరా అని ఫోన్లోనే స్నేహితుణ్ణి అడిగితే, పొలం గట్టున కరెంటు తీగ తగిలి అన్నాడు. అలాంటి తీగలు తగిలి మనుషులూ పోతున్నారు. ఆ మాటంటే ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం మా ఇంట్లో వేట మాంసమే. అదే, కొట్టులో తూయించుకొచ్చిన మేకపోతు. మనకి ఆ పేరొక్కటి మిగిలింది.

రాత్రి ఫొటోలు పంపాడు. గ్లాసులు, నవ్వులు, మంట ముందు సెల్ఫీలు. పొయ్యి దగ్గర కూర్చుని వండినవాళ్లిద్దరూ రెండు మూడు ఫొటోల్లో పడ్డారు. వాళ్ల చేతిలో మాత్రం విస్తరి ఎక్కడా లేదు.