కీ తప్పైతే పిల్ల ఎందుకు ఓడాలి?

శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమల్లోకి వచ్చినప్పటి నుంచి అక్కడే ఉంది. ఇందులో వాదించడానికేమీ లేదు, ప్రభుత్వం గెజిట్ ఇచ్చిన సంగతి. ఆ మాట చెప్పినందుకే సూళ్లూరుపేట వైపు ఒక గవర్నమెంటు హైస్కూల్లో పదో తరగతి చదివే అమ్మాయి గత ఆదివారం టీవీ క్విజ్ సెమీఫైనల్లో ఓడిపోయింది. సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం ఏ జిల్లాలో ఉంది అని యాంకర్ అడగడం పూర్తికాకముందే బజర్ నొక్కి తిరుపతి అంది. కాదమ్మా, నెల్లూరు అన్నారు. ఆ పది మార్కులు పక్క టీమ్‌కి వెళ్లాయి, ఈ టీమ్‌కి అయిదు మైనస్ పడ్డాయి. పిల్ల ఏదో చెప్పబోయింది, ప్రకటనలు వచ్చేశాయి. తిరిగొచ్చేసరికి తర్వాతి రౌండ్.

ఆ పిల్లది రాకెట్ లేచిన ప్రతిసారీ జనం మిద్దెలెక్కి చూసే ఊరు. కుల సర్టిఫికెట్ కావాలన్నా, ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలన్నా వాళ్ల నాన్న వెళ్లేది తిరుపతి జిల్లా ఆఫీసులకే. తన ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ పిల్లకి పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. అయినా తప్పన్నారు, అదీ రాష్ట్రమంతా చూస్తుండగా.

మా విలేకరి చానల్ వాళ్లకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: ప్రశ్నలు తయారుచేసినవాళ్లు ఇచ్చిన కార్డులో నెల్లూరు అనే ఉంది, షో రూల్ ప్రకారం కార్డే ఫైనల్, ఎపిసోడ్ ప్రసారం కూడా అయిపోయింది, ఇప్పుడేమీ చేయలేం. తప్పు జరగలేదని అనడం లేదు, చేయలేం అంటున్నారు. మాకు కోపం తెప్పించింది తప్పు కాదు, ఈ జవాబు.

ఇది ఆటే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు, పాపం యాంకర్ చేతికిచ్చింది చదివాడు, అనేవాళ్లు ఉన్నారు. యాంకర్‌ని మేమేమీ అనడం లేదు. ఆటే అయితే, ఆటకీ అంపైర్ ఉంటాడు, థర్డ్ అంపైర్ ఉంటాడు, రివ్యూ అడిగే హక్కు ఉంటుంది. ఇక్కడ కార్డు తప్ప ఎవరూ లేరు.

కార్డే ఫైనల్. ఈ రెండు మాటలు ఎంత దూరం పోతాయో ఒక్కసారి ఆలోచించండి. ఆదివారం టీవీలో చెప్పింది సోమవారానికి యూట్యూబ్ ముక్క అవుతుంది, మంగళవారానికి వాట్సాప్ గ్రూపుల్లో బిట్ అవుతుంది, నెల తిరిగేసరికి ఎవరో దాన్ని బిట్ బ్యాంకులో అచ్చేస్తారు, తిరుపతిలో గదులు అద్దెకు తీసుకుని గ్రూప్-2కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు దాన్ని బట్టీ పడతారు. రేపు ఇంకో షోకి ప్రశ్నలు రాసేవాళ్లు మళ్లీ ఆ బిట్ బ్యాంకే తెరుస్తారు. నెల్లూరు అనే జవాబు కార్డులోకి ఎలా వచ్చిందనుకుంటున్నారు? ఇలాగే వచ్చింది. 2022 ముందు అది కరెక్ట్ జవాబే. సూళ్లూరుపేట, శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. పాత పుస్తకంలోంచి ఎత్తి రాశారు, తేదీ చూసుకోలేదు. జిల్లా పేరు అడిగేవాళ్లు క్యాలెండర్ చూసుకోవాలన్న కనీస జాగ్రత్త లేదు. 2022లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయిన రాష్ట్రంలో!

ఇలాంటి తప్పుడు బిట్లు ఎన్ని తిరుగుతున్నాయో చెబితే ఈ పేజీ చాలదు. జాతీయ క్రీడ ఏది అంటే హాకీ అని ఇప్పటికీ నేర్పుతున్నారు, ఏ ఆటనీ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లోనే కేంద్ర క్రీడల శాఖ సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. జాతీయ భాష హిందీ అంటారు, రాజ్యాంగం 343వ అధికరణ హిందీని కేంద్రానికి అధికార భాష అంది గానీ జాతీయ భాష అనలేదు. భాష పేరున ఏర్పడిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 1956 అని రాస్తారు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. మూడేళ్లు అటూ ఇటూ అనుకునే విషయం కాదు, దానికోసం పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది. ఎవరెస్ట్ ఎత్తు 8,848 మీటర్ల దగ్గరే ఆగిపోయిన పుస్తకాలున్నాయి, 2020 డిసెంబర్‌లో నేపాల్, చైనా కలిసి 8,848.86 అని ప్రకటించాయి. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందనే పాత కబురైతే ఎన్నిసార్లు చెప్పినా చావడం లేదు.

మన దగ్గరి ప్రశ్నలు ఇంకా ఘోరం. జనగణమన ఠాగూర్ ఎక్కడ రాశారు అని అడిగి, మదనపల్లె అని కీ ఇచ్చిన పేపర్లు మేమే చూశాం. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడిన పాటని 1919లో మదనపల్లెలో ఎలా రాస్తారు? 1919లో ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాశారు. ఇది చాలదా మనకు? అసలు కథే ఇంత గొప్పగా ఉంటే దానికి అబద్ధం ఎందుకు అతికించాలి? మన ప్రాంతానికి పేరొస్తుంది కదా అని ఆ తప్పుని మేము వెనకేసుకు రాము. మన ఊరిని పొగిడే తప్పుకీ, మన పిల్లని ఓడించే తప్పుకీ మా దృష్టిలో తేడా లేదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ ఏ రాష్ట్రంలో పుట్టారు? నాలుగు ఆప్షన్లిచ్చి తమిళనాడు టిక్ పెట్టమంటారు. ఆయన పుట్టింది 1888లో, తిరుత్తణిలో. అప్పటికి తమిళనాడూ లేదు, ఆంధ్రా లేదు, మద్రాసు ప్రెసిడెన్సీ ఉంది. చిత్తూరు జిల్లా కూడా లేదు, అది 1911లో ఏర్పడింది. ఆ తర్వాత చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, సరిహద్దులు సర్దినప్పుడు 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఇవాళ తిరుత్తణి ఏ రాష్ట్రంలో ఉంది అని అడిగితే ఒకటే జవాబు. ఆయన ఏ రాష్ట్రంలో పుట్టారు అంటే ప్రశ్నే తప్పు. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు పెద్దవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇళ్ల పిల్లవాడు ఎవరైనా రేపు టీవీలో కూర్చుని మద్రాసు ప్రెసిడెన్సీ అన్నాడనుకోండి, కార్డు ఏమంటుంది? వాడూ ఓడతాడు. తెలిసినవాడు ఓడి, బట్టీ పట్టినవాడు గెలిచే ఆట ఎవరికోసం?

మళ్లీ అదే దగ్గరికి వస్తున్నాం. తప్పులు ఎవరైనా చేస్తారు. ఈ పత్రికలోనూ తప్పులు పడతాయి, పడిన మర్నాడు సవరణ వేస్తాం, వేయకపోతే పాఠకులు ఫోన్ చేసి నిలదీస్తారు, వాళ్లకా హక్కు ఉంది. సర్వీస్ కమిషన్ పరీక్షల్లో సైతం ముందు ప్రాథమిక కీ ఇస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, అవి చూసి ఫైనల్ కీ ఇస్తారు. ఆ పద్ధతిలో కూడా లోపాలున్నాయి, కోర్టుల దాకా వెళ్తున్న కేసులున్నాయి. కానీ కనీసం కీ తప్పు కావచ్చు అన్న ఒప్పుకోలు అందులో ఉంది.

సుప్రీంకోర్టు ఈ ముచ్చట 1983లోనే తేల్చింది. కాన్పూర్ యూనివర్సిటీ కేసులో మెడికల్ ఎంట్రన్స్ రాసిన విద్యార్థులు కీ తప్పని కోర్టుకెక్కారు. కీ సరైనదేనని ముందుగా అనుకోవాలి, నిజమే, కానీ అది తప్పని స్పష్టంగా రుజువైనప్పుడు, ఆ తప్పుడు కీతో జవాబు కలవలేదని విద్యార్థిని శిక్షించడం అన్యాయం అని కోర్టు చెప్పింది. పరీక్షకు చెప్పిన మాట టీవీ ఆటకి చట్టంగా వర్తించకపోవచ్చు. న్యాయంగా ఎందుకు వర్తించదో చానల్ వాళ్లు చెప్పాలి.

పోనీ టీవీలో కుదరదా అంటే, కుదిరిన ఉదాహరణ ఉంది. ఇవాళ మన కోటీశ్వరుల షోలన్నిటికీ మాతృక అయిన బ్రిటన్ షోలో 1999లో ఒక ప్రశ్న వచ్చింది: టెన్నిస్‌లో ఒక సెట్ గెలవడానికి ఆటగాడు కనీసం ఎన్ని షాట్లు కొట్టాలి? 24 అన్న జవాబుని కరెక్ట్ అన్నారు. నిజానికి 12 చాలు. తన మూడు సర్వీస్ గేముల్లో నాలుగేసి ఏస్‌లు కొడితే 12, అవతలివాడి మూడు సర్వీసుల్లో వాడే డబుల్ ఫాల్టులు చేసుకుంటే ఇతను రాకెట్ ఊపక్కర్లేదు. ప్రేక్షకులు పట్టుకున్నారు. నిర్వాహకులు తప్పు తమదేనని ఒప్పుకుని, పోటీదారు డబ్బు అతనికే ఉంచారు. కార్డే ఫైనల్ అనుంటే వాళ్లకీ సులువే. అనలేదు. షో పరువేమీ పోలేదు, పైగా ప్రపంచమంతా కొనుక్కుంది.

ఇక్కడ చేయాల్సింది కొండ తవ్వడం కాదు. ప్రశ్న రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు, రెండు వేర్వేరు చోట్ల చూసి సరిచూడాలి. మారే విషయమైతే, అంటే జిల్లా, మంత్రి, రికార్డు, జనాభా లాంటివైతే, ఏ తేదీ నాటికి అన్నది ప్రశ్నలోనే ఉండాలి. రికార్డింగ్ నెలల ముందే చేసి తర్వాత ప్రసారం చేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. సెట్‌లో విషయం తెలిసిన మనిషి ఒకరు కూర్చోవాలి, పిల్లలు అభ్యంతరం చెబితే ఆట ఆపి చూడాలి. ఆ రోజు ఎవరైనా ఫోన్ తీసి తిరుపతి జిల్లా వెబ్‌సైట్ తెరిచి ఉంటే నిమిషంలో తేలిపోయేది. లక్షల ఖర్చుతో లైట్లూ సెట్టింగులూ వేసినవాళ్లకి ఆ నిమిషం దొరకలేదా?

మాకు ఇంకో భయం కూడా ఉంది, అది చెప్పకుండా ఉండలేం. ఆ స్కూల్లో ఈ అమ్మాయి వెనకాల కూర్చునే పిల్లలు ఏం నేర్చుకున్నారు? కళ్లతో చూసింది చెబితే ఓడిపోతాం, కార్డులో ఉన్నది ఊహించి చెబితే గెలుస్తాం అని. ఆ పాఠం ఒకసారి తలకెక్కితే ఏ టీచరూ దించలేరు. సాయంత్రం బడి అయ్యాక ఉండి, సొంత డబ్బుతో జీకే పుస్తకాలు కొనిచ్చి, బస్సెక్కించి హైదరాబాద్ తీసుకెళ్లిన సోషల్ టీచర్ ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పాలి?

ఫైనల్ రికార్డింగ్ ఇంకా జరగలేదని చానల్ వాళ్లే అంటున్నారు. అంటే టైమ్ ఉంది. ఆ ప్రశ్న రద్దు చేయండి. ఆ టీమ్‌ని ఫైనల్‌కి పిలవండి. పక్క టీమ్ పిల్లల తప్పేమీ లేదు కాబట్టి వాళ్లనీ ఉంచండి, ఇంకో బల్ల వేయండి. వచ్చే ఆదివారం, అదే టైమ్‌కి, అదే యాంకర్ నోటితో, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో ఉంది, ఆ అమ్మాయి చెప్పిందే కరెక్ట్ అని చెప్పించండి. కింద స్క్రోలింగ్‌లో కాదు, అర్ధరాత్రి పునఃప్రసారంలో కాదు. పదిహేనేళ్ల పిల్లని లక్షల మంది ముందు నువ్వు తప్పు అనడానికి మీకు రెండు సెకన్లు పట్టింది. తప్పు మాది అనడానికి ఇన్ని రోజులుగా ఎందుకు నీళ్లు నములుతున్నారు?