వార్డు దాటని ట్రైనింగ్‌తో కమ్యూనిటీ సైకియాట్రిస్టులు ఎలా తయారవుతారు?

సైకియాట్రీ ఎండీ ఇండియాలో 3 ఏళ్లు, అమెరికాలో రెసిడెన్సీ 4 ఏళ్లు, బ్రిటన్‌లో కోర్ ట్రైనింగ్ 3 ఏళ్లు, ఆపైన హయ్యర్ ట్రైనింగ్ ఇంకో 3. ఇన్నేళ్ల చదువులోనూ చాలాచోట్ల రోగి ఇంటి గడప తొక్కకుండానే స్పెషలిస్టు అయిపోవచ్చు. రెండు వారాల పోస్టింగ్ వేసి, వ్యాన్‌లో తిప్పి తీసుకొచ్చి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేస్తే కమ్యూనిటీ సైకియాట్రీ, అంటే ఆసుపత్రి బయట, రోగి ఉండే చోటే మానసిక వైద్యం చేయడం, వచ్చేసినట్టేనా? నాకు మండేది ఇక్కడే.

వేరే మందులకి లొంగని స్కిజోఫ్రీనియాకి ఇచ్చే మాత్ర, ఒక్క క్లోజపిన్ సంగతే చూడండి. వార్డులో సిగరెట్ కాల్చనివ్వరు. బయట రోజుకో ప్యాకెట్ కాల్చే మనిషికి అక్కడ 300 మి.గ్రా. దగ్గర డోసు కుదిరింది, పంపించేశారు. ఇంటికెళ్లి మళ్లీ సిగరెట్ అందుకున్నాడు. పొగలోని రసాయనాల వల్ల లివర్‌లో ఈ మందును అరగదీసే ఎంజైమ్ జోరు పెరుగుతుంది. నికోటిన్ ప్యాచ్‌తో ఇలా జరగదు, తేడా తెచ్చేది పొగే. రక్తంలో మందు సగానికి కూడా పడిపోవచ్చు. కొన్ని వారాల్లో చెవుల్లో మాటలు మళ్లీ మొదలు. కేస్ షీట్‌లో మాత్రం 'మందులు సరిగ్గా వేసుకోవట్లేదు' అని రాసేస్తారు. పాపం, ఆ మనిషి ఒక్క మాత్ర కూడా మానలేదు.

నిజంగా మానేస్తే అది ఇంకో చిక్కు. 48 గంటలు దాటితే మళ్లీ 12.5 మి.గ్రా. నుంచి మొదలుపెట్టాలి. పాత డోసు ఒకేసారి ఇస్తే బీపీ పడిపోయి కుప్పకూలొచ్చు. రెండు రోజులు మందు పడలేదని ముందు తెలిసేది ఇంట్లోవాళ్లకి, ఇంటికెళ్లే నర్సుకి. వాళ్లు వెంటనే ఫోన్ చేసేంత చనువు డాక్టర్‌తో ఉండాలి. ఆ చనువు ఎలా పెంచుకోవాలో ఏ పరీక్షలోనూ అడగరు.

రోజూ మాత్ర వేసుకునే పని లేకుండా, ఒకసారి ఇస్తే వారాల తరబడి పనిచేసే డిపో ఇంజెక్షన్లదీ ఇదే కథ. నెలకోసారి ఇచ్చే పాలిపెరిడోన్, కిడ్నీలు బాగున్నవాళ్లకి, మొదటి రోజు 150 మి.గ్రా., ఎనిమిదో రోజు 100, రెండూ భుజానికే. రెండోది 4 రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇదంతా పీజీకి కంఠతా వచ్చు. ఎనిమిదో రోజున ఆ మనిషి ఇంటికి తాళం వేసుంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పరు.

నన్నడిగితే కనీసం 6 నెలలు ఏకబిగిన కమ్యూనిటీ టీంలోనే ఉంచాలి. ఆ తర్వాత కూడా అక్కడ చూసిన రోగుల్లో ఓ పదిహేను మందిని ఏడాది పొడుగునా అదే ట్రైనీ చూడాలి. ఇల్లు పోతే ఎవరిని కలవాలి, పెన్షన్ సర్టిఫికెట్‌లో ఏం రాస్తే పని అవుతుంది, పోలీసులు ఫోన్ చేస్తే ఎంతవరకు చెప్పొచ్చు, ఇవన్నీ సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సినవి.

ఇక ఉద్యోగాలు. 1970ల్లో అమెరికాలోని మాడిసన్‌లో మొదలైన అసర్టివ్ కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ (జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల దగ్గరికి టీమే వెళ్లి చూసుకునే) పద్ధతిలో పదిమంది రోగులకి ఒక స్టాఫ్, వందమందికి ఒక ఫుల్‌టైమ్ సైకియాట్రిస్టు ఉండాలి. చాలాచోట్ల జరిగేది వేరు. ఒకే డాక్టర్‌కి మూడు క్లినిక్‌లు అప్పజెప్పి, మనిషికి పది నిమిషాలిచ్చి, ప్రిస్క్రిప్షన్లు రాసే మిషన్‌ని చేస్తారు. రెండేళ్లకి ఆ డాక్టర్ ప్రైవేటుకి వెళ్లిపోతారు, రోగులు తమ గోడంతా కొత్త మనిషికి మొదట్నుంచీ చెప్పుకోవాలి. ఉండిపోయినవాళ్లకి ప్రమోషన్ అంటే ఫైళ్లు, మీటింగులే. వారానికి రెండు రోజులైనా రోగుల్ని చూసే వీలు లేని డైరెక్టర్ పోస్టు తీసుకోకండి.

చేరేముందు ఇవి కాగితం మీద రాయించుకోండి: కొత్త కేసుకి గంట, రివ్యూకి అరగంట, రోజూ టీం మీటింగ్, ఇంటి విజిట్లకి బండి, రాత్రి కాల్స్ ఎవరివో. మీకు ముందున్న డాక్టర్ ఎందుకు మానేశారో కూడా కనుక్కోండి. మేనేజర్‌ని కాదు, టీంలో అందరికంటే పాత నర్సుని అడగండి.