చెప్పాపెట్టకుండా చెరిపేస్తారా?

మొదటిసారి జరిగినప్పుడు పొరపాటేమో అని సరిపెట్టుకున్నవాళ్లున్నారు. ఇప్పుడు ఆ అవకాశం కూడా లేదు. హాంకాంగ్‌లో డిస్నీ కంపెనీ స్ట్రీమింగ్ సర్వీసు డిస్నీ ప్లస్‌లో అమెరికా వ్యంగ్య కార్టూన్ సీరియల్ ‘ద సింప్సన్స్’ ఎపిసోడ్ మరొకటి మాయమైందని 2023 ఫిబ్రవరిలో బయటపడింది. తీసేశామని కంపెనీ ప్రకటించలేదు. ఎందుకు తీసేసిందో చెప్పలేదు. తీయమని మీరే అడిగారా అంటే హాంకాంగ్ ప్రభుత్వమూ జవాబివ్వలేదు. జాబితాలో ఒక ఎపిసోడ్ ఉండాల్సిన చోట లేదు, అంతే.

ఇంతకీ అందులో ఉన్నదేమిటి? 2022 అక్టోబరులో అమెరికాలో ప్రసారమైన ఎపిసోడ్ అది. సింప్సన్ కుటుంబంలోని తల్లి మార్జ్ ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కుతుంటుంది. ఎదురుగా తెర మీద శిక్షకుడు, వెనక చైనా గోడ. చైనా వింతలు చూడమంటూ అతను బిట్‌కాయిన్ గనుల పేరు చెబుతాడు, ఆ వెంటనే పిల్లలు స్మార్ట్‌ఫోన్లు తయారుచేసే వెట్టిచాకిరీ క్యాంపుల పేరు చెబుతాడు. కొన్ని సెకన్ల మాట. దానికోసం మొత్తం ఎపిసోడే పోయింది. 2021 నవంబరులో అక్కడ డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు లేకుండా పోయింది 2005 నాటి ఎపిసోడ్. 1989లో విద్యార్థుల ప్రజాస్వామ్య ఉద్యమాన్ని చైనా సైన్యం కాల్పులతో అణచేసిన బీజింగ్‌లోని తియనాన్మెన్ స్క్వేర్‌కి సింప్సన్ కుటుంబం వెళితే అక్కడొక ఫలకం ఉంటుంది: 1989లో ఈ స్థలంలో ఏమీ జరగలేదు అని. ఏమీ జరగలేదని రాసిన ఫలకాన్ని చూపించిన ఎపిసోడే, అసలు లేనట్టు అయిపోయింది.

బొమ్మల సీరియల్‌కి ఇంత రాద్ధాంతమా అనేవారికి ఒక్క సన్నివేశం గుర్తుచేస్తాం. 1993లో వచ్చిన ఎపిసోడ్. అణువిద్యుత్ కేంద్రం యజమాని బర్న్స్ కార్మికులకు బీరు పీపా ఎరవేసి, దానికి బదులు పళ్ల వైద్యం సదుపాయాన్ని వదులుకోమంటాడు. అందరూ బీరు కోసం వరుస కడతారు. అక్కడే పనిచేసే మార్జ్ భర్త హోమర్ కూడా కడతాడు. కూతురు లీసా పళ్లకు క్లిప్పులు వేయించాలన్న మాట అప్పుడు అతని బుర్రలో మళ్లీ మళ్లీ మోగుతుంది. డబ్బులు ఎవరిస్తారో అర్థమయ్యేసరికి బీరు చేదెక్కుతుంది. అక్కడినుంచి సమ్మె. యజమాని చేతిలో చిన్న సంతోషానికి పెద్ద హక్కు అమ్ముకోవడం ఎలా ఉంటుందో ఇంత సూటిగా చెప్పిన కథలు తక్కువ. అదే సీరియల్ 2022 మేలో హోమర్ కొడుకు బార్ట్‌కి పాట పాడి మరీ చెప్పింది: పెద్ద చదువు లేకపోయినా ఒక్క జీతంతో ఇల్లు, కార్లు, ముగ్గురు పిల్లలు అన్న తండ్రి బతుకు నీకు దొరకదని. అమెరికా కుటుంబాలు సింప్సన్స్‌లా కాదు, పాత టీవీ సీరియల్‌లోని బుద్ధిమంతుల కుటుంబం వాల్టన్స్‌లా ఉండాలని 1992లో సాక్షాత్తూ అధ్యక్షుడు బుష్ అన్నాడంటే, ఈ బొమ్మలు ఎక్కడ తగిలాయో తెలుస్తుంది.

అందుకే తీసేసిన మాట ఏదన్నది ముఖ్యం. వెట్టిచాకిరీ మీద నిజాం కాలపు తెలంగాణలో సాయుధ పోరాటమే నడిచింది. ఆ మాటను తెర మీంచి గుట్టుచప్పుడు కాకుండా తుడిచేస్తే, తెలుగు పత్రికగా మేం చిన్న విషయమని వదిలేయలేం. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో వీగర్ ముస్లింల నిర్బంధం మానవాళిపై నేరాల కిందికి రావచ్చని 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నివేదిక ఇచ్చింది. వాళ్లను ఉంచిన క్యాంపులు వృత్తి శిక్షణ కేంద్రాలేనన్నది చైనా వాదన. డిస్నీ ఎటువైపు? 2020లో తన ‘ములాన్’ సినిమా ముగింపు టైటిళ్లలో షిన్‌జియాంగ్‌లోని టర్పాన్ నగర పోలీసు విభాగానికి కృతజ్ఞతలు వేసింది. వాళ్లకు కృతజ్ఞతలు చెప్పడానికి తెర మీద చోటు దొరికింది. క్యాంపుల మీద ఒక్క వాక్యానికి మాత్రం దొరకలేదు. ఫ్లోరిడాలో బడి పాఠాలపై ఆంక్షలు పెట్టిన చట్టాన్ని రద్దు చేయాలని 2022లో బాహాటంగా అడిగిన కంపెనీయే ఇది.

ఏ దేశంలో వ్యాపారం చేస్తే ఆ దేశ చట్టానికి లోబడాలి, అక్కడి ఉద్యోగుల భద్రత చూసుకోవాలి అంటారు. చైనా తెచ్చిన 2020 జాతీయ భద్రతా చట్టం కింద యావజ్జీవ శిక్షలు పడే నగరంలో ఆ భయం ఉత్తిది కాదు. కానీ హాంకాంగ్ సినిమా సెన్సార్ చట్టం స్ట్రీమింగ్‌కి వర్తించదని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. డిస్నీ వారూ, ఇంకేదైనా ఆదేశం ఉంటే బయటపెట్టండి. లేకపోతే ఈ కత్తెర మీదేనని ఒప్పుకోండి.

మా ఆందోళన హాంకాంగ్‌తో ఆగదు. ఒకసారి చెప్పాపెట్టకుండా తీసేసి, ఎవరూ నిలదీయకపోతే, రెండోసారి తీయడం తేలిక. రెండోసారీ నడిస్తే అదే పద్ధతి అవుతుంది. మన దగ్గర జరగలేదా? 2020 ఫిబ్రవరిలో ప్రధాని మోదీని విమర్శిస్తూ అమెరికా టీవీ వ్యంగ్య వ్యాఖ్యాత జాన్ ఆలివర్ చేసిన ఎపిసోడ్ హాట్‌స్టార్‌లో రాలేదు. అప్పటికి హాట్‌స్టార్ డిస్నీదే. చందా కట్టినవాళ్లు యూట్యూబ్‌లో వెతుక్కుని చూశారు.

సీరియల్‌ని తప్పుపట్టకూడదని మేం అనడం లేదు. కిరాణా కొట్టు నడిపే అపు పాత్ర భారతీయుల్ని వెక్కిరిస్తోందని న్యూయార్క్‌లో పెరిగిన తెలుగు బిడ్డ, హాస్య నటుడు హరి కొండబోలు 2017లో డాక్యుమెంటరీ తీసి మరీ నిలదీశాడు. జనం రెండుగా చీలి వాదించుకున్నారు. అపుకి గొంతిచ్చిన హ్యాంక్ అజారియా 2020లో ఆ పాత్ర వదులుకున్నాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. ఎవరు ఏమన్నారో, ఎందుకు మార్చారో అందరికీ తెలుసు. హాంకాంగ్ ప్రేక్షకుడికి ఆ మర్యాద కూడా దక్కలేదు.

డిస్నీ చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఏ దేశంలో ఏ ఎపిసోడ్ తీసేశారో, ఎప్పుడు, ఎవరు అడిగితే తీశారో తన సైట్‌లోనే జాబితా పెట్టాలి. హాంకాంగ్‌ది ముందు, ఇండియాది ఆ వెంటనే. నెలనెలా చందా ఠంచనుగా వసూలు చేసే సంస్థకు, ఆ చందాకి ఏం చూపిస్తున్నదో, ఏం దాస్తున్నదో చెప్పడానికి నోరెందుకు పెగలదు?